పెద్ద చెట్లున్న జాతికి పిల్ల మొక్కలు కనిపించకపోతే ఆ అడవిలో ఏం జరుగుతున్నట్టు?

మొలకచూపు

ఉష్ణమండల వర్షారణ్యాల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. ఒక సందేహం మాత్రం ఎంత చదివినా తీరడం లేదు. కాంగో పరీవాహక ప్రాంతపు అడవుల్లో అఫ్రోర్మోసియా, ఇరోకో, లింబా వంటి జాతులకు ఆకాశాన్నంటే పెద్ద మానులు ఉన్నాయని, వాటి మొలకలూ లేతచెట్లూ మాత్రం చాలా తక్కువగా కనిపిస్తాయని పరిశీలకులు పదేపదే రాశారు. అలాంటి చోట ఇప్పుడున్న పెద్దలు కూలిపోయాక వాటి స్థానంలోకి వేరే జాతులే వస్తాయి కదా. మనిషి చెయ్యి పడని అడవి తనంతట తాను నిలకడగా ఉంటుందని మనం అనుకునే మాటకు ఇది సరిపోవడం లేదు. జాతులు ఇలా మారిపోవడానికి వాతావరణ మార్పు కారణమా, లేక అడవి ఎప్పుడూ ఇలాగే మారుతూ ఉంటుందా? తెలిసినవారు వివరిస్తే మేలు.

వనచరిత్ర

మొలకచూపు గారూ, మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. ముందు వాటిని విడదీయాలి.

తల్లి చెట్టు కిందే దాని పిల్లలు బతకకపోవడం ఒకటి. ఆ జాతికి చెందిన ప్రత్యేక శిలీంధ్రాలు, పురుగులు, గింజలు తినే ప్రాణులు తల్లి చుట్టూ పోగుపడి ఉంటాయి గనుక అక్కడ రాలిన గింజల్లో చాలా భాగం నశిస్తుందనీ, దూరంగా పడినవే బతుకుతాయనీ 1970, 1971 సంవత్సరాల్లో జాన్‌జెన్, కానెల్ అనే జీవావరణ శాస్త్రవేత్తలు విడివిడిగా ప్రతిపాదించారు. ఇది జాతి క్షీణిస్తోందనడానికి గుర్తు కాదు, ఒకే చోట అన్నేసి జాతులు ఇమిడి ఉండటానికి చెప్పే కారణాల్లో ఇదొకటి. తల్లి కిందనే కాక ఎన్ని హెక్టార్లు వెతికినా లేతచెట్లు దొరకకపోవడం రెండోది. మీరు అడిగేది ఈ రెండోదాని గురించి.

దీన్ని మొదట గట్టిగా పట్టించుకున్నది ఫ్రెంచి అటవీ శాస్త్రవేత్త ఆబ్రెవిల్. కోట్ దివ్వార్ అడవుల్లో పై పందిరిని ఏలుతున్న జాతులకు కింది అంతస్తుల్లో వారసులు లేరని గమనించి, అడవి ఒక అతుకుల బొంత వంటిదని, ఒక్కో అతుకులో జాతులు వంతులవారీగా మారుతుంటాయని 1938లో రాశాడు. అయితే 1950లలో నైజీరియాలోని ఒకోము అడవిలో పనిచేసిన జోన్స్ నేలను తవ్వి చూస్తే బొగ్గు, కుండ పెంకులు బయటపడ్డాయి. తర్వాత ఆ బొగ్గుకు రేడియోకార్బన్ కాలనిర్ణయం చేస్తే అది దాదాపు 700 ఏళ్ల నాటిదని తేలింది. అంటే అనాదిగా ఉన్నదనుకున్న ఆ అడవి ఒకప్పుడు మనుషులు నరికి, కాల్చి, సాగు చేసి వదిలేసిన నేల మీద లేచినది.

కాంగో ప్రాంతంలో కూడా మీరు చెప్పినటువంటి, వెలుగు కోరే పెద్ద జాతుల వయసును లెక్కగట్టినప్పుడు అవి ఎక్కువగా 19వ శతాబ్ది మధ్యభాగంలో, అంటే సుమారు 165 ఏళ్ల కిందట పుట్టినట్టు కనిపించింది. అప్పటివరకూ అడవిలో అక్కడక్కడా విస్తరించి పోడు చేసుకున్న జనం తర్వాతి కాలంలో నదుల వెంటా బాటల వెంటా ఊళ్లుగా కుదురుకోవడంతో, వదిలేసిన పోడు మడుల మీద ఈ చెట్లు ఎదిగాయనేది ఆ పరిశోధకుల వివరణ. ఆ మడులు మళ్లీ ఏర్పడలేదు గనుక పిల్లలూ పుట్టలేదు. మీరు చూస్తున్న మహావృక్షాలు ఒక పాత సాగు పద్ధతి మిగిల్చి వెళ్లినవి.

గుణకం

వనచరిత్ర గారి వివరణ ఆఫ్రికాలోని కొన్ని చోట్లకు చక్కగా సరిపోతుంది, కానీ దాన్ని మొత్తం వర్షారణ్యాలకు తాళంచెవిగా వాడటం ప్రమాదకరమని నా అభిప్రాయం. పాత గాయం మానుతున్న అడవిలో వెలుగు కోరే జాతులు తగ్గి, నీడను ఓర్చుకుంటూ నెమ్మదిగా ఎదిగే జాతులు పెరగాలి. అమెజాన్‌లో కనిపించినది దాదాపు దీనికి తలకిందులుగా ఉంది.

బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర, మనుషులు కదిలించిన ఆనవాళ్లు లేని అడవిలో, 18 శాశ్వత ప్లాట్లలోని (హద్దులు గుర్తించి, చెట్లకు నంబర్లు వేసి మళ్లీ మళ్లీ కొలిచే చోట్లలోని) దాదాపు 13,700 చెట్లను రెండు దశాబ్దాల పాటు గమనించి లారెన్స్ బృందం 2004లో ఫలితాలు ప్రకటించింది. తగినంత సంఖ్యలో ఉన్న 115 ప్రజాతుల్లో (దగ్గరి బంధమున్న జాతుల గుంపుల్లో) 27 గణనీయంగా మారాయి. పెరిగినవాటిలో ఎక్కువ భాగం వేగంగా ఎదిగి పై పందిరిని చేరే పెద్ద చెట్లు, తగ్గినవి నీడలో నెమ్మదిగా పెరిగే చిన్న చెట్లు. గాలిలో పెరుగుతున్న కార్బన్ డయాక్సైడ్ వేగంగా ఎదిగేవాటికి ఎక్కువ లాభం చేకూర్చి ఉండవచ్చునని వారు సూచించారు. కారణం తేలలేదు గాని, మార్పు దిశ మాత్రం పాత పోడు కథతో పొసగదు.

దీనికి ముందే, 1994లో ఫిలిప్స్, జెంట్రీ ఇద్దరూ ఉష్ణమండల అడవుల్లో చెట్లు చనిపోవడం, కొత్తవి వచ్చి చేరడం అనే రెండు ప్రక్రియలూ వేగం పుంజుకున్నాయని చూపించారు. 2015లో బ్రీనెన్ బృందం అమెజాన్ అంతటా ఉన్న 321 ప్లాట్ల లెక్కలు తీసి, చెట్ల ఎదుగుదల వేగం నిలిచిపోగా మరణాలు పెరుగుతూ వచ్చాయని, ఆ అడవులు ఏటా నికరంగా పీల్చుకునే కార్బన్ 1990లతో పోలిస్తే సుమారు మూడో వంతు తగ్గిందని తేల్చింది. ఆఫ్రికాలోని 244 ప్లాట్లను కూడా కలిపి చూసిన 2020 అధ్యయనంలో, అక్కడి అడవులు చాలాకాలం నిలకడగా కార్బన్‌ను పీల్చుకున్నా 2010 ప్రాంతం నుంచి మరణాల వల్ల నష్టం పెరగడం కనబడింది. ఇంత దూరాల్లో ఉన్న అడవులన్నిట్లోనూ ఒకే కాలంలో ఒకే వైపు మార్పు వస్తుంటే, ఒక్కోచోటా ఒక్కో ఊరి చరిత్రను కారణంగా చెప్పుకుంటూ పోవడం నాకు సమంజసంగా తోచడం లేదు.

కొలతటేపు

మీ ఇద్దరి వాదం మధ్యలో దూరుతున్నందుకు మన్నించండి. నేను కొన్నేళ్లు శాశ్వత ప్లాట్లలో చుట్టుకొలతలు తీసే బృందంలో పనిచేశాను. పట్టికలోకి చేరాక అంకెకు వచ్చే గౌరవం అది పుట్టిన చోట ఉండదు గనుక ఆ చోటు గురించి రెండు మాటలు చెప్పాలనిపించింది.

చెట్టు వ్యాసాన్ని నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో కొలవాలన్నది నియమం. చాలా వర్షారణ్య వృక్షాలకు మొదలు దగ్గర పలకల్లా విచ్చుకున్న ఆధార వేళ్లు ఉంటాయి, అవి ఆ ఎత్తును దాటి పైకి పోతాయి. అప్పుడు నిచ్చెన వేసుకుని పలకలు ముగిసిన చోటికి పైన కొలవాలి. పదేళ్లకు ఆ పలకలు ఇంకా పైకి పాకితే కొలిచే చోటు మార్చాలి, మార్చిన సంగతి రాసి పెట్టాలి. రాయకపోతే చెట్టు ఒక్కసారిగా సన్నబడినట్టు వస్తుంది. పలకల మీదుగానే టేపు తిప్పి కొలిచిన పాత లెక్కల్లోనైతే అదే చెట్టు రాక్షసంగా ఎదిగినట్టు తేలుతుంది. నంబరు బిళ్ల మేకును కొలిచే గీత దగ్గర కొట్టినా అక్కడ బెరడు ఉబ్బి దొంగ ఎదుగుదల వస్తుంది.

పనామాలోని బారో కొలరాడో ద్వీపంలో 50 హెక్టార్ల ప్లాటును 1980ల మొదట్లో హబ్బెల్, ఫాస్టర్ వేసినప్పుడు, ఒక సెంటీమీటరు వ్యాసం దాటిన ప్రతి కాండాన్నీ, అంటే సుమారు 300 జాతులకు చెందిన 2 లక్షలకు పైగా కాండాలను లెక్కించారు. అది మహత్తరమైన పని. అయినా మొదటి రెండు గణనల్లో చిన్న కాండాల వ్యాసాన్ని దగ్గరి 5 మిల్లీమీటర్లకు కుదించి రాశారు, తర్వాతి గణనల్లో మిల్లీమీటరు వరకూ రాశారు. ఈ తేడాను సర్దకుండా రెండు గణనలను పోలిస్తే మొక్కల ఎదుగుదల వేగం తప్పుగా వస్తుంది.

ఇంకొకటి ఉంది, దీని గురించి శాస్త్రవేత్తలే బాగా వాదులాడుకున్నారు. ప్లాటు వేయడానికి వెళ్లినవారికి సహజంగానే పెద్ద మానులున్న నిండైన అడవి నచ్చుతుంది. ఏ గాలికీ పడని ముచ్చటైన చోటును ఎంచుకుని కొలవడం మొదలుపెడితే ఆ తర్వాత అక్కడ పెద్ద చెట్లు కూలడమే ఎక్కువగా కనిపిస్తుంది. అందువల్ల మరణాల రేటు పెరిగిందన్న మాట వినగానే ఆ ప్లాటును ఎవరు, ఎలా ఎంచుకున్నారని నేను అడుగుతాను. గుణకం గారు చెప్పినవన్నీ తప్పని కాదు, ఈ లోపాల మీద పెద్ద చర్చ జరిగి చాలా వరకు సవరణలు జరిగాయని నాకూ తెలుసు. అయినా అడిగే అలవాటు మానకూడదు.

గుణకం

కొలతటేపు గారి మాటలు నూటికి నూరుపాళ్లూ అంగీకరిస్తాను. అయితే ముచ్చటైన చోటును ఎంచుకున్న దోషం వల్ల అడవిలోని చెట్ల మొత్తం బరువు తగ్గినట్టు కనబడాలి. 1990లలో అమెజాన్ ప్లాట్లలో చాలా వాటి బరువు పెరుగుతున్నట్టు వచ్చింది కదా. పైగా జాతుల మార్పును కొలత దోషంతో వివరించడం ఇంకా కష్టం. అమెజాన్‌లోని 106 ప్లాట్ల మీద 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, కొత్తగా వచ్చి చేరే లేతచెట్లలో పొడి వాతావరణాన్ని ఓర్చుకునే ప్రజాతుల వాటా పెరిగిందని, ఎండాకాలం తీవ్రమైన చోట్ల తేమ కోరే ప్రజాతుల్లో మరణాలు పెరిగాయని తేలింది. టేపు ఎంత వంకరగా పట్టినా ఒక ప్రజాతి మరో ప్రజాతి కాదు. అదే అధ్యయనం మరో మాట కూడా చెప్పింది: ఈ మార్పు వాతావరణం మారుతున్న వేగాన్ని అందుకోలేకపోతోంది. చెట్ల ఆయుర్దాయం చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు.

నీలిపిట్ట

ఇంతసేపూ వెలుగు, నీరు, కొలతల గురించే మాట్లాడుకున్నాం. గింజను మోసేవారి మాట ఎవరూ ఎత్తలేదు.

వర్షారణ్య వృక్షాల్లో చాలా జాతులు తమ గింజలను పక్షులకో కోతులకో గబ్బిలాలకో ఏనుగులకో అప్పగిస్తాయి. మలేషియాలోని సారవాక్‌లో లాంబిర్ హిల్స్ అనే జాతీయ వనంలో 52 హెక్టార్ల ప్లాటు ఉంది. సుమారు 1,200 వృక్షజాతులతో ప్రపంచంలోని అత్యంత వైవిధ్యమైన అడవుల్లో అది ఒకటి. అక్కడ వేట వల్ల పెద్ద పక్షులు, జంతువులు చాలా వరకు అంతరించాయి. ఆ తర్వాతి గణనల్లో, జంతువుల మీద ఆధారపడే జాతుల లేతచెట్లు తల్లి చుట్టూనే గుంపులుగా చేరడం, స్థానికంగా వైవిధ్యం తగ్గడం 2013లో ప్రకటితమైన విశ్లేషణలో బయటపడ్డాయి. పైనుంచి చూస్తే పందిరి పచ్చగా, నిండుగానే ఉంటుంది. మార్పంతా కింద, మోకాలెత్తు మొక్కల్లో మొదలవుతుంది.

దీనికి ఎదురు దిక్కు నుంచి వచ్చిన కబురు గాబన్‌లోని లోపే నుంచి. అక్కడ చెట్ల పూతకాతలను 1986 నుంచి నెలనెలా నమోదు చేశారు. 2018 వరకూ ఉన్న లెక్కల ప్రకారం పండ్లు కనిపించే అవకాశం 81 శాతం పడిపోయింది, అదే అడవిలో 2008 తర్వాత తీసిన చిత్రాలలో ఏనుగుల శరీర పుష్టి 11 శాతం తగ్గినట్టు కనిపించింది. రాత్రి చల్లదనం తగ్గడం వల్ల కొన్ని జాతులకు పూత పట్టే సంకేతం అందకపోవచ్చునని పరిశోధకుల అనుమానం. మొలకలు లేవంటే వెలుగే లేదనుకోనక్కరలేదు, అసలు కాయే కాయలేదేమో కూడా చూడాలి.

మొలకచూపు

నేను ఒక్క కారణం అడిగితే నాలుగు వచ్చాయి. మరో చిన్న ప్రశ్న. ఒక జాతిలో ఏయే లావున ఎన్ని చెట్లున్నాయో గీత గీస్తే, చిన్నవి చాలా ఎక్కువగా, పెద్దవి తక్కువగా ఉన్న జాతి క్షేమమనీ, మధ్యలో ఉబ్బి చిన్నవి లేని జాతి క్షీణిస్తోందనీ చదివాను. ఒక్కసారి కొలిచి ఇలా భవిష్యత్తు చెప్పవచ్చా?

కొలతటేపు

చెప్పకూడదు. బారో కొలరాడో ప్లాటులోనే కాండిట్ బృందం దీన్ని నేరుగా పరీక్షించి 1998లో రాసింది: ఒక జాతి గీత ఆకారానికీ, తర్వాతి కాలంలో ఆ జాతి సంఖ్య పెరిగిందా తరిగిందా అన్నదానికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదు. కారణం ఆలోచిస్తే సులువే. వేగంగా ఎదిగే జాతి చిన్న వయసులో కొద్దికాలమే ఉంటుంది గనుక ఏ క్షణంలో లెక్కపెట్టినా చిన్నవి తక్కువగానే దొరుకుతాయి. నీడలో దశాబ్దాల తరబడి కదలకుండా నిలబడే జాతికి చిన్నవి కుప్పలుగా ఉంటాయి. గీత ఆకారం ఎక్కువగా చెప్పేది ఎదుగుదల వేగాన్ని.

ఇంకో సంగతి. మనౌస్ దగ్గర ఒక కారీనియానా చెట్టుకు రేడియోకార్బన్ పద్ధతిలో 1,400 ఏళ్ల వయసు తేలింది. అలాంటి జాతికి వందేళ్లకొక మంచి మొలక చాలు. మనం 40 ఏళ్లు చూసి అది కనబడలేదని బెంగపడతాం.

వనచరిత్ర

గుణకం గారు చెప్పిన అమెజాన్ లెక్కలు నా కథకు లొంగవని ఒప్పుకుంటాను. అయితే 'మనుషులు కదిలించని అడవి' అన్న మాటను అంత సులువుగా వాడకూడదు. పాత జాడలు ఎంత మొండివో చూపించే చోటు ప్యూర్టోరికోలోని లుకియో. అక్కడ 16 హెక్టార్ల ప్లాటులో ఉత్తర భాగాన్ని 1934కు ముందు నరికి, సాగు కూడా చేశారు, దక్షిణ భాగాన్ని అంతగా కదిలించలేదు. 1989లో హ్యూగో, 1998లో జార్జెస్ అనే పెనుతుఫానులు రెండు భాగాలనూ దెబ్బతీశాయి. అన్నీ కలిసిపోతాయనుకుంటాం, కానీ పాత సరిహద్దు చెరగలేదు: ఉత్తరాన కాసేరియా వంటి సాగునేల జాతులు, దక్షిణాన టబనూకో అనే పాత అడవి వృక్షం అలాగే విడివిడిగా కొనసాగాయి. అరవై ఏళ్ల కిందటి గొడ్డలి గుర్తును తుఫాను తుడవలేకపోయింది.

ఉగాండాలోని బుడోంగో ఉదాహరణ మరోలా చిక్కుతో ఉంటుంది. ఎగ్గెలింగ్ అనే అటవీ అధికారి అక్కడ ప్లాట్లు వేసి 1947లో ఒక క్రమాన్ని ప్రతిపాదించాడు: గడ్డినేలను ఆక్రమించే మేసోప్సిస్ వంటి జాతులు ముందు, తర్వాత మహాగనులతో కూడిన మిశ్రమ అడవి, చివరికి ఇనుపచెక్క అనదగిన సైనోమెట్రా ఏలే, జాతులు తక్కువైన అడవి. మధ్యస్థమైన కుదుపు ఉన్నచోటే వైవిధ్యం ఎక్కువని 1978లో కానెల్ చేసిన ప్రసిద్ధ వాదానికి ఇది ఒక ముఖ్య ఆధారం. అయితే ఎగ్గెలింగ్ ఒకే అడవి వందేళ్లు మారడాన్ని చూడలేదు, పక్కపక్కనే ఉన్న వేర్వేరు అడవులను వయసు క్రమంలో పేర్చాడు. పిల్లవాణ్ణి, యువకుణ్ణి, ముసలివాణ్ణి వరుసగా నిలబెట్టి ఒకే మనిషి జీవితమని చెప్పినట్టు. ముగ్గురూ ఒకే కుటుంబం వారన్న హామీ ఏదీ? 1990లలో షీల్ వాటిలో కొన్నింటిని వెతికి పట్టుకుని మళ్లీ కొలిచినప్పుడు తేలిన మరో చిక్కు, మధ్య కాలంలో కొన్ని ప్లాట్లలో కలప తీశారు, మహాగనులకు చోటు చేయడానికి పనికిరావనుకున్న చెట్లకు విషం పెట్టారు. అందుకే అక్కడ అనుక్రమం (ఒక జాతి తర్వాత మరో జాతి తనంతట రావడం) ఎంత, మనిషి చేత ఎంత అని విడదీయడం కష్టం.

గుణకం

లుకియో ఉదాహరణకు నేను తల వంచుతున్నాను. దాన్ని ఇంకాస్త పొడిగిస్తాను: 2017లో వచ్చిన మరియా తుఫాను అదే అడవిలో హ్యూగోకు రెట్టింపు చెట్లను చంపింది. గతం చెరగదన్న మాట నిజమే గాని, రాబోయే తుఫానుల తీవ్రత ఆ గతానికి లేదు.

కారణాలను విడదీయడానికి గణనలు మాత్రమే చాలవు, ప్రయోగం కావాలి. బ్రెజిల్‌లోని కషివానాలో 2002 నుంచి ఒక హెక్టారు అడవి కింద పలకలు పరిచి, పందిరి నుంచి రాలే వాన నీటిలో సగాన్ని పక్కకు మళ్లించారు. మొదటి కొన్నేళ్లు పెద్దగా ఏమీ జరగలేదు. ఆ తర్వాత పడిపోయినవి చిన్నవి కావు, పందిరిని మోసే పెద్ద మానులు. కాండంలో నీటి స్తంభం తెగి గాలి బుడగలు చేరడం ముఖ్య కారణమని తేలింది. అదే చోట గతం, వేట, కొలిచేవారి అభిరుచి అన్నీ పక్క ప్లాటుతో సమానమే, మారినది నీరు ఒక్కటే. పనామాలో చెట్లెక్కి పాకే కొయ్యతీగలను కోసి వదిలేసిన ప్లాట్లను కోయనివాటితో పోలిస్తే, తీగలున్న చోట ఏటా నికరంగా చేరే కార్బన్ 76 శాతం తక్కువగా వచ్చింది. అమెరికా ఖండపు ఉష్ణమండల అడవుల్లో చాలా చోట్ల ఈ తీగలు పెరుగుతున్నాయి కనుక, నిర్మాణం మారడమంటే లావు చెట్ల లెక్క ఒక్కటే కాదని గుర్తుంచుకోవాలి.

మొలకచూపు

నా అఫ్రోర్మోసియా దగ్గరికే తిరిగి వస్తాను. ఈ జాతి 1992 నుంచి, ముప్పున్న జాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉంది, అంటే అనుమతులతోనే ఎగుమతి. వనచరిత్ర గారు చెప్పినట్టు అది పాత పోడు మడుల మీద పుట్టిన జాతి అయితే, కలప తీయకుండా కాపాడినంత మాత్రాన దానికి పిల్లలు పుట్టరు. మరి దాన్ని నిలబెట్టడానికి పందిరిని తెరవాలా?

వనచరిత్ర

ఒక్క చెట్టు తీసినప్పుడు ఏర్పడే సందు దానికి చాలదు, పెద్ద ఖాళీ కావాలి. అలాగని కొత్తగా అడవి నరకమని ఎవరూ అనలేరు. కామెరూన్‌లో ఇప్పటికే ఖాళీ అయిన చోట్ల, అంటే కలప తీసిన ఖాళీల్లో నారు నాటి చూశారు. నాకు అదే సబబుగా తోస్తుంది. అయితే నారు పోయడానికి గింజలు కావాలి, గింజలకు పెద్ద చెట్లు మిగలాలి. కోతకు పెట్టుకున్న కనీస వ్యాసం ఆ చెట్టు బాగా కాపుకొచ్చే వ్యాసం కన్నా తక్కువగా ఉంటే అనుమతి పత్రాలు ఎన్ని ఉన్నా లాభం లేదు.

కొలతటేపు

నాటినవాటికీ నంబరు బిళ్లలు వేయించండి. నాటిన చెట్టు, తనంతట పుట్టిన చెట్టు ముప్పై ఏళ్ల తర్వాత ఒకేలా కనిపిస్తాయి, అప్పుడు వచ్చే పరిశోధకుడు ఆ జాతి తిరిగి పుంజుకుందని రాసేస్తాడు. ఆ బిళ్ల మేకు మాత్రం కొలిచే గీతకు దూరంగా కొట్టించండి.